చివర ఉన్న ఆ పదిహేను

మా బంధువుల వాట్సాప్ గ్రూపులో ఈమధ్య ఒక ఫార్వర్డ్ వచ్చింది. "వెయ్యేళ్ల కిందటే మన తెలుగువాడికి 64 బిట్ల కంప్యూటర్ తెలుసు" అని శీర్షిక. కింద, గణితాన్ని తెలుగు చేసిన కవి పావులూరి మల్లన పేరుతో ప్రసిద్ధమైన చంపకమాల. ఆ కింద, పద్యంలో ఇమిడి ఉన్న సంఖ్య అంటూ 18446744073709552000. చూసినవాళ్లందరూ దణ్ణాలు పెట్టారు.

పద్యం చాలామందికి తెలిసిందే. అయినా మాటలు కళ్లముందు ఉంటే మంచిది.

శర శశి షట్క చంద్ర శర సాయక రంధ్ర వియన్నగాగ్ని భూ
ధర గగనాబ్ధి వేద గిరి తర్క పయోనిధి పద్మజాస్య కుం
జర తుహినాంశు సంఖ్యకు...

చదరంగం బల్ల మీద మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు, ఇలా అరవై నాలుగు గళ్లకీ రెట్టిస్తూ పోతే మొత్తం ఎంత అన్నదానికి ఇది జవాబు. శరం అయిదు, శశి ఒకటి, షట్కం ఆరు, చంద్రుడు ఒకటి, మళ్లీ శరం అయిదు, సాయకం అయిదు, రంధ్రం తొమ్మిది, వియత్తు సున్నా, నగం ఏడు, అగ్ని మూడు, భూధరం ఏడు, గగనం సున్నా, అబ్ధి నాలుగు, వేదం నాలుగు, గిరి ఏడు, తర్కం ఆరు, పయోనిధి నాలుగు, బ్రహ్మ ముఖాలు నాలుగు, కుంజరం ఎనిమిది, తుహినాంశుడు ఒకటి. ఒకట్ల స్థానంలో మొదలుపెట్టి ఎడమకి రాసుకుంటూ పోతే 18446744073709551615 వస్తుంది. అంటే 2⁶⁴ − 1, 64 బిట్లలో (బిట్ అంటే 0, 1 మాత్రమే వాడే లెక్కలో ఒక అంకె) పట్టే అతి పెద్ద సంఖ్య. ఇరవై అంకెలూ సరిగ్గా ఉన్నాయి.

మరి ఫార్వర్డ్‌లో చివర 2000 ఎక్కడిది? బ్రౌజర్‌లో ఎవరో లెక్క కట్టి అతికించి ఉంటారు. బ్రౌజర్ లెక్కలు కట్టే భాష జావాస్క్రిప్ట్ మామూలుగా సంఖ్యల్ని 53 బిట్ల కచ్చితత్వంతోనే దాచుకుంటుంది. 9007199254740991 దాటితే అన్ని పూర్ణసంఖ్యలకీ దాని దగ్గర చోటు లేదు. మన సంఖ్య ఇస్తే దగ్గర్లో తను దాచుకోగలిగిన 2⁶⁴కి జరిగిపోతుంది, చూపించేటప్పుడు దాన్ని ఇంకా కురచ చేసి 18446744073709552000 అంటుంది. పద్యం మోసుకొచ్చిన చివరి నాలుగు అంకెలు ఫోనులో పోయాయి. పద్యం గొప్పతనం చాటడానికి పంపిన మెసేజ్‌లో, పద్యం కష్టపడి కాపాడిందే పోయింది.

ఇది ఆ ఫార్వర్డ్ చేసినవాళ్ల అజ్ఞానం అని నేను అనను. పెద్ద సంఖ్యని చూడటం మనకి అలాగే అలవాటైంది. పెద్ద సంఖ్య అంటే పెద్ద కుప్ప, ఎంత పెద్దదో చెప్పి నోరు తెరిపిస్తే పని అయిపోయినట్టే. నా వాదన దీనికి ఎదురు. పెద్ద సంఖ్యలో చూడాల్సింది దాని లోపలి కట్టుబడి. అది కనబడాలంటే చివరి అంకె దాకా కావాలి. మన దగ్గర ఆ ఇరవై అంకెలూ పద్యంలో కూర్చి పెట్టి ఉన్నాయి. అయినా బళ్లో ఈ సంఖ్యని కుప్పగానే చెబుతున్నాం.

కుప్ప లెక్కలో ఏం పోతుంది

కుప్ప లెక్క నేనూ వేస్తాను. బియ్యపు గింజ 25 మిల్లీగ్రాములు అనుకుంటే మొత్తం సుమారు 46,000 కోట్ల టన్నులు. ప్రపంచమంతా కలిసి ఏడాదికి పండించే బియ్యం సుమారు 50 కోట్ల టన్నులు. అంటే దాదాపు తొమ్మిది వందల ఏళ్ల పంట. పిల్లలకి ఈ మాట చెబితే కళ్లు పెద్దవి అవుతాయి, ఆ మాట నిజం.

ఇప్పుడు చివరి పది అంకెలు మాత్రమే తీసుకోండి, 3709551615. మూడు వందల డెబ్బై కోట్ల గింజలు, సుమారు 93 టన్నుల బియ్యం. నాలుగైదు లారీలు. 46,000 కోట్ల టన్నుల్లో నాలుగైదు లారీలు ఉన్నా లేకపోయినా ఒకటే. కుప్పగా చూసేవాడికి పద్యంలో మొదటి పది మాటలూ దండగ. శర శశి దగ్గర్నుంచి నగాగ్ని దాకా చెరిపేసి అక్కడ పది సున్నాలు పెట్టినా, ఇన్ని గింజలు బహుమతిగా ఇస్తానన్న కథలోని రాజుగారు అంతే బిత్తరపోతాడు.

పరిమాణం ఒక్కటే ముఖ్యమైతే ఆ కవి అంత శ్రమ ఎందుకు పడ్డాడు? ఒకట్ల స్థానంతో ఎందుకు మొదలుపెట్టాడు? భూతసంఖ్యల (అంకెల బదులు వాటిని సూచించే మాటలు వాడే పద్ధతి) సంప్రదాయమే అది అంటారు, ఒప్పుకుంటాను. కానీ ఆ సంప్రదాయంలో ఉన్న మేలు చూడండి. మనం ఇప్పుడు 1.8 × 10¹⁹ అని రాసి ముందు అంకెలు ఉంచుకుని వెనకవి వదిలేస్తాం. ఆ పద్ధతిలో ముందుగా నోట్లో పడేది చివరి అంకె. వదిలెయ్యడానికి వీలే లేదు.

బల్లని మడత పెడితే

మా అక్క కొడుకు ఎనిమిదో తరగతి. మొన్న సెలవులకి వచ్చినప్పుడు చెస్ బోర్డు పక్కన కూర్చోబెట్టి ఈ సంఖ్యని వాడితో విప్పించాను. గింజలు, రాజుగారు జోలికి పోలేదు. బోర్డుని సగానికి మడిస్తే ఏమవుతుంది అని మాత్రం అడిగాను.

పై సగంలో ముప్పై రెండు గళ్లు, కింది సగంలో ముప్పై రెండు. కింది సగంలో ప్రతి గడీ, పై సగంలో దానికి జోడీ గడికి సరిగ్గా 2³² రెట్లు. కాబట్టి మొత్తం అంటే, పై సగం మొత్తాన్ని 2³² + 1 పెట్టి గుణించడమే. ఆ పై సగాన్ని మళ్లీ మడవండి. పదహారు గళ్ల మొత్తాన్ని 2¹⁶ + 1 పెట్టి గుణించాలి. మళ్లీ మడిస్తే ఒక్క వరస, ఎనిమిది గళ్లు. దాన్ని 2⁸ + 1 పెట్టి గుణించాలి. నాలుగు గళ్లు, రెండు గళ్లు, చివరికి ఒక్క గడి, ఒక్క గింజ.

వెనక్కి విప్పుకుంటూ వస్తే ఇలా ఉంటుంది. రెండు గళ్ల మొత్తం 3. నాలుగు గళ్లది 3 × 5 = 15. ఒక వరస 15 × 17 = 255. రెండు వరసలు 255 × 257 = 65535. నాలుగు వరసలు 65535 × 65537 = 4294967295. మొత్తం బల్ల 4294967295 × 4294967297. అంటే పద్యంలోని సంఖ్య

3 × 5 × 17 × 257 × 65537 × 4294967297.

ఆరు మడతలు, ఆరు కారణాంకాలు. వాడు కాగితం మీద గుణకారాలన్నీ చేసుకుని, చివరి గుణకారం దగ్గర ఫోను తీశాడు. ఫోను ఒప్పుకోలేదు, చివర సున్నాలు చూపించింది. అప్పుడు చేత్తో చేశాడు. చివర 15 వచ్చినప్పుడు వాడి మొహం చూడాలి. "మామయ్యా, పద్యంలో వాడు కూడా ఇలాగే చేశాడా?" అని అడిగాడు. ఇలా మడతపెట్టి కారణాంకాలు తీశాడని పద్యంలో ఎక్కడా లేదు, లేనిది మనం చెప్పకూడదు అన్నాను.

ఆ తర్వాత వాడే ఇంకో ప్రశ్న వేశాడు. "7 ఎందుకు లేదు ఇందులో? మూడు గళ్ల మొత్తం 7 కదా?" మంచి ప్రశ్న. మూడు గళ్లకి 7, ఆరు గళ్లకి 63, తొమ్మిది గళ్లకి 511. గళ్ల సంఖ్య మూడుతో భాగం పోతేనే మొత్తం ఏడుతో భాగం పోతుంది. అరవై నాలుగు పోదు. చివరి గడి ఒక్కటి తీసేస్తే అరవై మూడు గళ్లు, మొత్తం 9223372036854775807, అప్పుడు 7 వస్తుంది, 127 కూడా వస్తుంది. ఇంత చిన్న తర్కంతో పంతొమ్మిది అంకెల సంఖ్యకి ఒక కారణాంకం భాగహారం చెయ్యకుండా చెప్పొచ్చు. కుప్ప కథ విన్న పిల్లవాడు ఈ ప్రశ్న వెయ్యలేడు. తెలివి తక్కువై కాదు, ఆ కథలో ఈ ప్రశ్నకి చోటు లేదు.

ఆరో మడతలో దాగిన పొరపాటు

ఆ ఆరు కారణాంకాల్లో మొదటి అయిదూ ప్రధాన సంఖ్యలే. ఆరోది, 4294967297? ఇక్కడ మన చదరంగం బల్ల ఫ్రాన్సుకి పోతుంది. 1640లో ఫెర్మా అనే గణితజ్ఞుడు, రెండుని ఇలా వర్గం చేసుకుంటూ పోయి ఒకటి కలిపితే వచ్చేవన్నీ ప్రధాన సంఖ్యలే అని తన నమ్మకం రాశాడు. 3, 5, 17, 257, 65537 దాకా నిజం. దాదాపు వందేళ్ల తర్వాత, 1732లో, ఆయిలర్ దాన్ని పడగొట్టాడు. 4294967297 = 641 × 6700417.

641 ఎలా దొరికింది అన్నది నాకు ఎప్పుడూ ముచ్చటే. ఈ సంఖ్యని భాగించే ఏ ప్రధాన సంఖ్య అయినా 64 గుణిజం కన్నా ఒకటి ఎక్కువ ఉండాలని ఆయిలరే తర్వాత రుజువు చేశాడు. అంటే వెతకాల్సినవి 193, 257, 449, 577, 641, ఇలా. అయిదోదానికే దొరుకుతుంది. రెండో కారణాంకం 6700417 కూడా అంతే, 64 × 104694 + 1.

641 భాగిస్తుందని చూడటానికి భాగహారం కూడా అక్కర్లేదు. 641ని రెండు రకాలుగా రాయండి: 640 + 1, అంటే 5 × 2⁷ + 1. ఇంకోటి 625 + 16, అంటే 5⁴ + 2⁴. మొదటిదాన్ని బట్టి, 641తో భాగిస్తే 5 × 2⁷ శేషం −1. నాలుగో ఘాతం చేస్తే 5⁴ × 2²⁸ శేషం 1. రెండోదాన్ని బట్టి 5⁴ బదులు −2⁴ పెట్టుకోవచ్చు. అప్పుడు −2³² శేషం 1. అంటే 2³² + 1 పూర్తిగా భాగం పోతుంది. అయిదు వాక్యాలు. పదో తరగతి దాటిన ఎవరైనా కాగితం తీసి చేసి చూడండి, దీని రుచి చదివితే రాదు.

కాబట్టి మన పద్యంలో ఉన్న సంఖ్యకి ఏడు ప్రధాన కారణాంకాలు: 3, 5, 17, 257, 641, 65537, 6700417. ఏదీ రెండుసార్లు రాదు. అందుకని భాజకాలు సరిగ్గా 128. అందులో మొదటి నాలుగు వరసల మొత్తానికి, 4294967295కి, ఇంకో విశేషం ఉంది. గాస్ 1796లో స్కేలూ వృత్తలేఖినీతో 17 భుజాల క్రమబహుభుజి గీయొచ్చని కనిపెట్టాడు. ఆ దారిలో పోతే, గీయడం సాధ్యమని మనకి తెలిసినవాటిలో అతి పెద్ద బేసి భుజాల సంఖ్య ఈ 4294967295. సగం బల్ల మీద ఉన్న గింజల సంఖ్యే! ఫెర్మా తరహా ప్రధాన సంఖ్య ఆరోది ఇంకా ఎవరికీ దొరకలేదు కాబట్టి అది అక్కడే ఆగింది.

పక్కపక్క ఇళ్లు, వేరే వేరే మనుషులు

ఇప్పుడు ఒక గింజ అటూ ఇటూ జరిపి చూడండి.

…615కి ఏడు ప్రధాన కారణాంకాలు, మడతల్లో అందంగా విడిపోతుంది. …616 అంటే 2⁶⁴, దానికి 2 తప్ప ఇంకో ప్రధాన కారణాంకం లేదు. …617 అంటే 2⁶⁴ + 1, ఫెర్మా వరసలో తర్వాతది. దానికి కారణాంకాలు రెండే, 274177, 67280421310721. వీటిని 1880లో లాండ్రీ అనే ఫ్రెంచి పెద్దాయన తన 82వ ఏట ప్రకటించాడు. అంతకుముందే 1855లో క్లౌసెన్ అనే గణితజ్ఞుడు గాస్‌కి రాసిన ఉత్తరంలో వీటిని చెప్పాడని తర్వాత బయటపడింది.

మూడు సంఖ్యలు, పక్కపక్కనే. కుప్పగా చూస్తే మూడూ ఒకటే, తూకం కూడా పట్టుకోలేదు. లోపల చూస్తే ఒకదానికీ ఇంకోదానికీ పొంతనే లేదు. ఒకటి ఎనిమిదో తరగతి పిల్లవాడు మధ్యాహ్నం పూట ఆరు ముక్కలుగా విడగొట్టాడు, దాని పక్కది ముదిమి వయసు దాకా ఒక మనిషి పట్టుదలని తినేసింది. ఫోను …615ని …616గా మార్చినప్పుడు కొంచెం తేడా వచ్చిందని అనుకుంటాం. నిజానికి అది ఏడు ప్రధాన సంఖ్యలున్నదాన్ని తీసేసి ఒట్టి రెండులు మిగిల్చింది. బ్రౌజర్‌నే అడగండి, ఈ సంఖ్య సరా బేసా అని. సరి అంటుంది. మూడుతో భాగం పోతుందా అంటే పోదు, శేషం ఒకటి అంటుంది. రెండు జవాబులూ తప్పు.

ఇది గణితం ఇష్టం ఉన్నవాళ్ల మురిపెం మాత్రమే అనుకుంటే, మా ఆఫీసులో జరిగిన సంగతి చెబుతాను. బయటి సంస్థ ఒకటి పంపిన ఫైల్లో ఒక్కో లావాదేవీకి ఇరవై అంకెల గుర్తింపు సంఖ్య. మధ్యలో ఎవరో ఆ ఫైల్ని స్ప్రెడ్‌షీట్‌లో తెరిచి సేవ్ చేశారు. స్ప్రెడ్‌షీట్ మొదటి పదిహేను అంకెలు ఉంచుకుని మిగతావి సున్నాలు చేసింది. వరసగా జరిగిన లావాదేవీలకి ముందు అంకెలు ఒకేలా ఉంటాయి, తేడా అంతా చివర్లోనే. దాంతో వేరు వేరు మనుషుల డబ్బు లెక్కలు ఒకే సంఖ్య కింద చేరాయి. రెండు రోజులు టెన్షన్‌తో ఎవరూ సరిగ్గా తిండి తినలేదు. ట్విట్టర్‌కి కూడా 2010లో ఇలాంటి ఇబ్బందే ఎదురైంది. ట్వీట్ల గుర్తింపు సంఖ్యలు 53 బిట్లు దాటబోతున్నాయని, ప్రతి సంఖ్యనీ అక్షరాల వరసగా కూడా పంపడం మొదలుపెట్టారు. అంకెల్ని లెక్కగా నమ్మలేక మాటలుగా పంపడం! పద్యం చేసిన పని అదే.

అబ్ధి నాలుగా, ఏడా

ఇక్కడ నా వాదనకే ఒక అడ్డం ఉంది. పద్యం అంకెల్ని నిజంగా కాపాడుతుందా? నోటికి వచ్చినంత మాత్రాన సరిగ్గా వచ్చినట్టా?

ఛందస్సు కొంత కాపలా కాస్తుంది. న జ భ జ జ జ ర గణాలు. ఎవరైనా 'రంధ్ర' మింగేస్తే అక్కడే పాదం కుంటుతుంది, వినేవాడు పట్టేస్తాడు. కానీ శశి, చంద్ర తర్వాత వచ్చే శర రెండూ రెండేసి లఘువులే. అవి తారుమారైతే గణాలకి ఏమీ కాదు, సంఖ్య మాత్రం మారిపోతుంది. చంద్ర, వేద కూడా అంతే, గురువు పక్కన లఘువు. కాబట్టి ఛందస్సు పొడవుని కాపాడుతుంది, విలువని కాపాడలేదు.

ఇంకో చిక్కు. మనకి సప్తసముద్రాలు కదా, అబ్ధి ఏడు కాకూడదా? ఒక పెద్దాయనతో మాట్లాడుతుంటే ఆయన పద్యాన్ని అలాగే విప్పారు. భూతసంఖ్యల్లో సముద్రం మామూలుగా నాలుగే అని నేనంటే, "నిఘంటువుని బట్టి చెబుతున్నావు" అన్నారు. నిఘంటువు పక్కన పెట్టి లెక్కతోనే తేల్చుకున్నాం.

రెండుని ఆరుసార్లు హెచ్చిస్తే 64, తొమ్మిదితో భాగిస్తే శేషం 1. కాబట్టి 2⁶⁴ అన్నా 2⁴ అన్నా తొమ్మిది దగ్గర ఒకటే, 16, శేషం 7. ఒకటి తీసేస్తే 6. సంఖ్యని తొమ్మిదితో భాగిస్తే మిగిలేదే, దాని అంకెల మొత్తాన్ని భాగించినా మిగులుతుంది. అంటే పద్యంలో అంకెలన్నీ కూడితే చివరికి 6 మిగలాలి. అబ్ధి నాలుగు అనుకుంటే మొత్తం 87, ఎనిమిదీ ఏడూ పదిహేను, ఒకటీ అయిదూ ఆరు. సరిపోయింది. అబ్ధి ఒక్కటే ఏడు చేస్తే మొత్తం 90, శేషం సున్నా. అబ్ధి, పయోనిధి రెండూ ఏడు చేస్తే 93, శేషం మూడు. రెండూ కుదరవు. ఆయన కాసేపు చూసి "అయితే నాలుగే" అన్నారు.

తొమ్మిదుల పరీక్షకి ఒక లోపం ఉంది. స్థానాలు తారుమారైతే పట్టుకోలేదు, రంధ్ర వియత్తు బదులు వియత్తు రంధ్ర అన్నా మొత్తం అదే. దానికి పదకొండుల పరీక్ష ఉంది. ఒకట్ల స్థానం నుంచి ఒకటి కూడి ఒకటి తీసేస్తూ పోవాలి. పద్యం ఎలాగూ ఒకట్ల స్థానం నుంచే మొదలవుతుంది కాబట్టి చదువుతూనే చెయ్యొచ్చు: 5 − 1 + 6 − 1 + 5 − 5 + 9 − 0 + 7 − 3 + 7 − 0 + 4 − 4 + 7 − 6 + 4 − 4 + 8 − 1. మొత్తం 37, పదకొండు దగ్గర శేషం 4. రెండుని పదిసార్లు హెచ్చిస్తే 1024, పదకొండు దగ్గర శేషం 1, కాబట్టి 2⁶⁴ అంటే మళ్లీ 16, శేషం 5. ఒకటి తీస్తే 4. కుదిరింది.

తెలుగు వాచకంలో ఈ పద్యం వస్తే తాత్పర్యం రాయించి వదిలెయ్యకుండా ఈ రెండు పరీక్షలూ చేయించాలని నా కోరిక. తెలుగు మాస్టారూ లెక్కల మాస్టారూ ఒకే గదిలో నిలబడగలిగే పద్యం ఇది.

చంపకమాల సంఖ్య

అందరికీ చెప్పాలనిపించే సంగతి ఇంకోటి ఉంది. ఇరవై ఒక్క అక్షరాల పాదంలో ఒక్కో అక్షరం లఘువో గురువో కావచ్చు కాబట్టి వీలయ్యే వృత్తాలు 2²¹, అంటే 2097152. ప్రస్తారంలో, అంటే ఆ వృత్తాలన్నిటినీ వరసగా రాసిన పట్టికలో, చంపకమాల 711600వది. ఛందస్సు చదివినవాళ్లు ఈ సంఖ్యని బట్టీ పట్టే ఉంటారు. అది ఎలా వస్తుందో చూడండి. పాదంలోని అక్షరాల కింద వరసగా 1, 2, 4, 8, 16 అని రెట్టిస్తూ రాసుకుంటూ పోండి. లఘువుల కింద ఉన్నవి మాత్రం కూడి, ఒకటి కలపండి.

శ ర శ శి, నాలుగూ లఘువులు: 1, 2, 4, 8. 'షట్' గురువు, 16 వదిలెయ్యండి. 'క' లఘువు, 32. 'చం' గురువు. 'ద్ర శ ర' మూడూ లఘువులు: 128, 256, 512. ఇలా పాదం చివరి దాకా పోతే లఘువుల మొత్తం 711599. ఒకటి కలిపితే 711600.

రెట్టిస్తూ రాసిన ఆ వరస ఏమిటి? చదరంగం బల్ల మీద మొదటి ఇరవై ఒక్క గళ్లే. పద్యం ఏ లెక్క గురించి చెబుతోందో ఆ లెక్కే దాని నడకకి సంఖ్యనిస్తోంది. కవి కావాలని చేశాడని నేను అనడం లేదు, మన వృత్త పద్యం ఏదైనా ఇలాగే లెక్కకి వస్తుంది. 2⁶⁴ లాంటివి త్వరగా కట్టే ఉపాయం కూడా పింగళుడి ఛందశ్శాస్త్రంలోదే. సరిసంఖ్య అయితే సగం చెయ్యి, బేసి అయితే ఒకటి తియ్యి. వెనక్కి వచ్చేటప్పుడు సగం చేసినచోట వర్గం, ఒకటి తీసినచోట రెట్టింపు. అరవై నాలుగుకి ఆరు వర్గాలు చాలు: 2, 4, 16, 256, 65536, 4294967296, 18446744073709551616.

గర్వం ఎక్కడ పెట్టుకోవాలి

ఫార్వర్డ్ పంపినవాళ్ల గర్వం మీద నాకు కోపం లేదు. దాన్ని తప్పు చోట పెట్టుకున్నారన్నదే బాధ. మల్లనకి కంప్యూటర్ తెలుసనడానికి ఏమీ లేదు. ఆయన తెలుగు చేసిన గణితానికి మూలం తొమ్మిదో శతాబ్దపు మహావీరాచార్యుడిది. చదరంగపు గింజల మొత్తాన్ని క్రీ.శ. 1000 ప్రాంతంలోనే అల్ బిరూనీ అనే పండితుడు, వర్గాలు చేసుకుంటూ పోయే పద్ధతిలో, చివరి అంకె దాకా లెక్కకట్టి రాశాడు. మనమే మొదట అనే పందెం పెట్టుకుంటే ఓడిపోతాం. గెలిచినా దానివల్ల సంఖ్య గురించి కొత్తగా తెలిసేది ఏమీ లేదు.

నా వాదనకి ఇంకో అభ్యంతరం ఉంది, బలమైనది, ఒక ఇంజనీరు మిత్రుడు చెప్పాడు. "వంతెన కట్టేవాడికి ఇరవై అంకెలు అక్కర్లేదురా. ఏ అంకెలు వదిలెయ్యాలో తెలియడమే తెలివి." నిజమే. కొలిచి తెచ్చిన సంఖ్యకి మూడు నాలుగు అంకెలు దాటితే మిగతావి బడాయి. బియ్యం తూకంలో గ్రాముల దాకా చెప్పేవాడిని నేనూ నమ్మను. నేను చెప్పేది లెక్కపెట్టి తెచ్చిన సంఖ్యల గురించి. కొలతకీ లెక్కకీ మధ్య గీత ఉంది, ఆ గీత పిల్లలకి ఎక్కడా చెప్పడం లేదు. 46,000 కోట్ల టన్నులు కొలత, అక్కడ 'సుమారు' అనాల్సిందే. 18446744073709551615 లెక్క, అక్కడ 'సుమారు' అంటే ఆ సంఖ్య గురించి మాట్లాడటం మానేసినట్టే. మిత్రుడు దీనికి పూర్తిగా ఒప్పుకోలేదు. ఇద్దరి ఫోన్లలోనూ బ్యాంకు యాప్ ఉంది, అలాంటి యాప్‌ల తాళాల్లో వందల అంకెల సంఖ్యల కారణాంకాలు దొరక్కపోవడం మీద ఆధారపడినవి ఉన్నాయి, అక్కడ ఒక్క అంకె 'సుమారు'గా ఉంటే నడుస్తుందా అని అడిగాను. దానికి ఆలోచిస్తానన్నాడు.

రెండు బల్లలు కలిపితే

మా వాడు ఊరికి వెళ్లే ముందు రెండు బోర్డులు పక్కపక్కన పెడితే ఏమవుతుంది అన్నాడు. నూట ఇరవై ఎనిమిది గళ్లు. ఇంకొక్క మడత. పద్యంలోని సంఖ్యని లాండ్రీ విడగొట్టిన ఆ పక్కింటి సంఖ్యతో గుణించాలి. ఏడు ప్రధాన కారణాంకాల పక్కన ఇంకో రెండు చేరి తొమ్మిది అవుతాయి. మొత్తం ముప్పై తొమ్మిది అంకెలు:

340282366920938463463374607431768211455.

దీనికి పద్యం ఉన్నట్టు నేను వినలేదు. చంపకమాలలో నాలుగు పాదాలకీ కలిపి 84 అక్షరాలు. అంకెకి రెండు అక్షరాల మాట చొప్పున 78 పోతే ఆరు మిగులుతాయి. యతి, ప్రాస కూడా కుదరాలి కాబట్టి తేలిక పని కాదు, అసాధ్యమూ కాదు. శర శర అని మొదలుపెట్టొచ్చు, తర్వాత 4, 1, 1, 2, 8. పద్యాలు రాసే మిత్రులు ఎవరైనా పూనుకుంటే నాకు పంపండి. తొమ్మిదితో భాగిస్తే శేషం 3, పదకొండుతో భాగిస్తే శేషం 2 రావాలి. అది నేను సరిచూస్తాను, చేత్తో.